పై మూడు స్వరాలు

మా అన్న గొంతులో గడ్డ ఉందని తేలిన రోజు, ఆయన పెద్ద డాక్టరును అడిగింది ఒక్కటే ప్రశ్న. బతుకుతానా అని కాదు. ఎన్నాళ్లు దవాఖానలో ఉండాలని కాదు. "సార్, తర్వాత ఊదనీకొస్తదా?" అన్నాడు.

డాక్టరుకు అర్థం కాక నా వైపు చూశాడు. మా అన్న పిల్లనగ్రోవి లాంటి వాయిద్యం ఒకటి ఊదుతాడని నేను చెప్పాను. ఆయన కాగితం మీద బొమ్మ గీసి వివరించాడు. స్వరపేటిక మొత్తం తీసేయాలి. తీసేస్తే ఊపిరి ఇక నోటికి రాదు, మెడ దగ్గర పెట్టే రంధ్రం నుంచే పోతుంది, అక్కడి నుంచే వస్తుంది. మాట పోతుంది. ఊదడం అసలే కుదరదు. చేయించుకోకపోతే ఆ గడ్డే గొంతును మూసేస్తుంది, దానికీ ఎక్కువ కాలం పట్టదు. అన్న ఆ బొమ్మను మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బస్సెక్కి జహీరాబాదు వచ్చేశాం. ఇంట్లోకి అడుగు పెట్టాక వదినతో, "నేను ఆపరేషన్ చేపిచ్చుకోను. నన్ను అడగకున్రి" అన్నాడు.

ఆ వాయిద్యం పేరు నేయ్. టర్కీ దేశానిది. మా అన్న పనిచేసే ఫ్యాక్టరీలో కొన్నేళ్ల కిందట కొత్త మిషన్లు బిగించడానికి అక్కడి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు, హిందీ రాదు, ఇంగ్లీషు మా అన్నకు వచ్చినంతే వచ్చు. అన్నను ఆయనకు తోడుగా వేశారు. పగలంతా ఇద్దరూ కలిసి బోల్టులు బిగించేవాళ్లు. సాయంత్రం గెస్టుహౌసు మెట్ల మీద ఆయన ఊదుతుంటే మా అన్న కూర్చుని వినేవాడు. కొన్నాళ్లకు ఆయనే పట్టుకోవడం నేర్పాడు. పని అయిపోయి వెళ్లిపోతూ తన దగ్గరున్న రెండు నేయ్‌లలో ఒకటి అన్నకిచ్చి పోయాడు.

కణుపులున్న పొడుగాటి రెల్లు గొట్టం అది. పై కొసన కొమ్ముతో చేసిన చిన్న టోపీ ఉంటుంది. మన వేణువులా అడ్డంగా పట్టరు, ఏటవాలుగా కిందికి దించి పెదవుల మూలన ఆనించి ఊదాలి. మొదట్లో మా అన్న ఎంత ఊదినా ఉత్త గాలే వచ్చేది. వదిన దానికి పొడుగు పిల్లంగోవి అని పేరు పెట్టి, "చెరుకు గడైతే నమలనన్న నమలొచ్చు" అని ఆడిపోసుకునేది. ఆయన పట్టు విడవలేదు. డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విడిచి, కాళ్లయినా కడుక్కోకుండా దాన్ని పట్టుకుని కూర్చునేవాడు. పలికిన తర్వాత మాత్రం వదిన నోరు మూతబడింది. ఆ వాయిద్యంలో స్వరం కంటే ముందు ఊపిరి వినబడుతుంది. పక్కన కూర్చున్న మనిషి ఏదో చెప్పబోయి ముందు ఒక నిట్టూర్పు విడిచినట్టు ఉంటుంది.

నా బతుకుదెరువు కూడా చప్పుళ్లే. ఒక వాయిద్యంలో ఒక్కొక్క స్వరాన్ని విడిగా మైకు ముందు పలికించి, కంప్యూటరులో శుభ్రం చేసి, కీబోర్డు మీద ఒక్కో మీటకు ఒక్కోటి తగిలిస్తాను. ఆ వాయిద్యాన్ని జన్మలో ముట్టుకోనివాళ్లు కూడా ఆ మీటలు నొక్కి తమ పాటల్లో దాన్ని వాడుకోవచ్చు. దీన్ని సాంప్లింగ్ అంటారు. మా బంధువులు మాత్రం నేను 'పాటల పని' చేస్తానని చెప్పుకుంటారు. పెళ్లిళ్లలో మైకు ఇచ్చి పాడమంటారు కూడా. నా గొంతు వింటే మేకలు కూడా బెదురుతాయి. సన్నాయి చేశాను, డప్పు చేశాను. నేయ్ సంగతి ఎప్పుడు తలచుకున్నా, ఇంట్లోదే కదా, ఎప్పుడైనా చేసుకోవచ్చులే అనుకునేదాన్ని.

ఆపరేషన్ వద్దన్న తర్వాత మా ఇంట్లో గడిచిన రోజులు పగవాళ్లకు కూడా వద్దు. ఎవరో చెప్పిన వేరు అరగదీసి తాగి, "జర తక్వైంది" అనేవాడు అన్న. తగ్గింది గడ్డ కాదు, మాట. గొంతు రోజురోజుకూ బొంగురుపోయింది. జొన్నరొట్టె మింగుడు పడక వదిన దాన్ని పాలలో నానబెట్టి పెట్టేది. ఆమె ఏడ్చింది, తిట్టింది, అన్నం మానేసింది. ఆయన కదల్లేదు. చివరికి ఒక సాయంత్రం నాకు మెరుపులా ఆ ఆలోచన వచ్చింది. వచ్చినందుకు అప్పుడు ఎంత మురిసిపోయానో చెప్పలేను.

"అన్నా, నువ్వు ఊదేదంత నేను తీసి పెడ్త" అన్నాను. "ఒక్క స్వరం గూడ ఇడువ. ఆపరేషన్ అయినంక నోటితోని గాకపోతే వేళ్లతోని వాయించుకుందువు. అండ్ల ఉండేది నీ ఊపిరే."

"నా ఊపిరేనా?"

"నీదే. ఇంకెవ్వలది?"

"అన్నీ తీస్తవా?"

"అన్నీ."

"అయితే సరే. అన్నీ తీసినంక పోదం" అన్నాడు. వదిన పక్కకు తిరిగి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేను అప్పటికప్పుడే దవాఖానకు ఫోన్ చేసి ఆపరేషనుకు తారీఖు అడిగాను. ఆ ఊపులోనే, హైదరాబాదులో సినిమాలకు సంగీతం చేసే తెలిసినాయనకు కూడా ఫోన్ చేశాను. నేయ్‌లో పైస్థాయి స్వరాలు చాలా కష్టం, అవి పలికించేవాళ్లు అరుదు, మీవాళ్లకు వస్తాయా అని అడిగాడాయన. "మా అన్నకు రానివి లేవు సార్" అన్నాను. అన్న ఎదురుగానే కూర్చుని వింటున్నాడు.

జహీరాబాదులో మా ఇల్లు బొంబాయి రోడ్డుకు దగ్గర. పగలూ రాత్రీ లారీల మోత, అక్కడ ఏదీ రికార్డు చేయలేం. అందుకని మొగుడంపల్లిలో మా చేను పక్కన కందులు నిల్వ చేసే గదికి పోయాం. గోడల నిండా బస్తాలు పేర్చి ఉంటాయి. లోపల మాట్లాడితే మాట ఎక్కడిదక్కడే పడిపోతుంది, కొంచెమైనా మారుమోగదు. పట్నంలో స్టూడియోల వాళ్లు దానికోసం గోడలకు మెత్తలు అంటిస్తారు, మాకు కందులు చాలు. తలుపుకు బొంత వేలాడగట్టాం. వదిన బయట అరుగు మీద కాపలా. మేకల్ని అదిలించడం, బోరు మోటరు ఆపించడం, పలకరించడానికి వచ్చినవాళ్ల నోరు మూయించడం ఆమె పని. చెరుకు ట్రాక్టరు పాటలు మోగించుకుంటూ వస్తే ఎదురెళ్లి రెండు చేతులూ ఊపేది. "మా ఇంటాయన లోపల ఊదుతున్నడు బిడ్డా, జర పాట బంద్ జేయి" అనేది. ఎవరు ఏం ఊదుతున్నారో ఆ డ్రైవరుకు తెలియదు, కానీ ఆమె మొహం చూసి ఆపేసేవాడు.

ఒక్కో స్వరాన్ని మెల్లగా, మామూలుగా, గట్టిగా ఊదాలి. ప్రతిదీ ఒకసారికి మించి ఊదాలి, ఎందుకంటే ఒకే చప్పుడు మళ్లీ మళ్లీ మోగితే ఇది మిషను అని చెవి పసిగట్టేస్తుంది. స్వరం వణకకూడదు, పాటలోకి జారకూడదు. మా అన్నకు అది ఒళ్లుమంట. "గిదేందే, బువ్వ పెడ్తనని పిలిచి ఒక్కొక్క మెతుకు పెడ్తున్నవు" అనేవాడు. అయినా చెప్పినట్టే ఊదేవాడు. కింది స్వరాలు వింటుంటే నాకు చేతుల మీద రోమాలు నిలబడ్డాయి. జబ్బు మనిషి ఊదుతున్నట్టే లేదు. మధ్య స్వరాలు కూడా దగ్గుల మధ్య, నీళ్ల మధ్య ఎలాగో పూర్తయ్యాయి. ఇక పైన మూడు మిగిలాయి. మర్నాటికి అయిపోతుందని వదినకు చెప్పాను. ఆమె ఆ సాయంత్రమే దవాఖానకు తీసుకుపోయే బట్టలు సర్దింది.

మర్నాడు అవలేదు. ఆ తర్వాతా అవలేదు. పైస్వరాలకు గాలి సన్నగా, బలంగా పోవాలి. అన్న మొహం కందిపోయేది, మెడ మీద నరాలు ఉబ్బేవి. స్వరం ఒక్క క్షణం పైకి లేచి విరిగి కిందికి పడిపోయేది. దగ్గు మొదలయ్యేది. ఎప్పుడైనా కొంచెం నిలబడితే, "ఇది సాలు అన్నా, దీన్ని నేను సరిజేసుకుంట" అని బతిమాలేదాన్ని. ఆయన తల అడ్డంగా ఊపేవాడు. "ఇది గాదు. ఇంకోటి తియ్యి." కాసేపటికి ఊపిరి అందక, "రేపు జూద్దాం" అనేవాడు. రేపు అంటే మళ్లీ అదే గది, అవే మూడు స్వరాలు, అదే దగ్గు. ఆపరేషను తారీఖు దాటిపోయింది. వదిన ఫోను చేసి బతిమాలి ఇంకోటి అడిగింది. అదీ దాటింది. ఫోనులో అవతలి అమ్మాయి విసుక్కుంటే వదిన వినయంగా, "అవును తల్లీ, అవును తల్లీ" అనుకుంటూ నిలబడింది.

అందరికంటే నరకం నాది. మైకు ఏదీ దాచదు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే అన్న లోపల జరుగుతున్నదంతా నాకు వినబడేది. ఊదడానికి ముందు ఆయన గాలి పీల్చుకునే చప్పుడు మొదట్లో శుభ్రంగా ఉండేది. తర్వాత దానిలో ఒక ఈల కలిసింది. ఆ ఈల సన్నబడుతూ వచ్చింది. నిన్నటి ఊపిరి పక్కన ఇవాళ్టిది పెట్టి వింటే దారి ఎంత ఇరుకైందో తెలిసిపోయేది. డాక్టరు గీసిన బొమ్మ అక్కర్లేదు. ఒకరోజు ఆయన తుడుచుకున్న తువ్వాలు మీద నెత్తురు కనిపించింది. నేను చూశానని ఆయనకు తెలుసు, మడిచి పెట్టేశాడు. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. నాకు ఎప్పుడూ కోపమే ముందు బయటికి వస్తుంది.

"నీకు భయమైతుందని చెప్పు, ఒప్పుకుంట" అన్నాను. "గని గీ మూడిటి మీద పెట్టి దినాలు నెట్టకు."

"భయం గాదు."

"మరేంది?"

నేయ్ మూతి తుడిచాడు. "ఇంకొక్కసారి తియ్యి" అన్నాడు.

"తియ్య!" మైకు తీగను ఊడబీకి బస్తాల మీదికి విసిరేశాను. "సచ్చిపోతవు అన్నా. సమజైతుందా నీకు? గీ కందుల బస్తాల నడుమనే సచ్చిపోతవు. నన్ను ఎవరన్న అడిగితే ఏం జెప్పాలె? మా అన్న పైస్వరం కోసం పాయె అని జెప్పాలెనా?"

ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. చిన్నప్పుడు నన్ను ఒక్క మాట పడనివ్వని మనిషి, నా చేత అన్ని మాటలు పడి, కళ్లెత్తలేదు. వదిన బొంత పక్కకు తోసి లోపలికి వచ్చి, ఆయన వీపు నిమురుతూ నిలబడింది. తర్వాత నా రెక్క పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

"పిల్లా, నీ కంప్యూటర్ల ఏదన్న జేసి, అయినయని చెప్పరాదు?"

"ఆయనకు తెలుస్తది వదినా. ఆయన ఊపిరి ఆయనకు తెల్వదా?"

"తెలిస్తే తెల్వనీ. తిడ్తే నన్ను తిట్టనీ. సంపితే నన్ను సంపనీ. ముందుగాల బండెక్కనీ."

నా పనిలో అది కొత్త కాదు. ఏదైనా స్వరం దొరకకపోతే దాని కిందిదాన్ని పైకి లాగి ఆ ఖాళీలో కూర్చోబెడతారు. ఎక్కువ లాగితే ఊపిరి పల్చబడి పీలగా వినిపిస్తుంది. నేను చేసిన వాయిద్యాల్లో అలాంటి దొంగ స్వరాలు ఉండవని గొప్పలు చెప్పుకునేదాన్ని. మర్నాడు పొద్దున ఇంట్లోనే కూర్చుని ఆ మూడూ తయారుచేశాను. పీలతనం కనబడకుండా, ఆయనే విడిచిన ఊపిరిని వేరే చోట నుంచి కోసి తెచ్చి పైన కప్పాను. నా చేతి పనితనమంతా ఆ పొద్దున అన్నను మోసం చేయడానికి వాడాను. అలాంటి రోజే మళ్లీ వస్తే మళ్లీ అదే చేస్తాను. ఎవరి దగ్గరా క్షమాపణ అడగను.

మధ్యాహ్నం కీబోర్డు ఆయన ఒళ్లో పెట్టి, హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించాను. వదిన వంటింటి గుమ్మంలో నిలబడింది, చేతిలో గరిటె అట్లాగే ఉంది. అన్న కింది నుంచి ఒక్కొక్క మీటే నొక్కుతూ వచ్చాడు. తన చప్పుడు తన వేలి కింద మోగుతుంటే మొహంలో చిన్నపిల్లవాడి ఆశ్చర్యం. ఒక్కోదాని దగ్గర ఆగి, కళ్లు మూసుకుని, మళ్లీ నొక్కేవాడు. పైదాకా వచ్చాడు. మొదటిది నొక్కాడు. రెండోది. మూడోదాన్ని చాలాసేపు పట్టి ఉంచాడు.

"గివి ఎప్పుడు ఊదిన?"

"మొన్న. నువ్వు దగ్గుకుంట వద్దంటివి గని, అవే మంచిగొచ్చినయ్. నీకే వినబడలే."

నా మొహంలోకి చూశాడు. గుమ్మంలో ఉన్న వదిన వైపు చూశాడు. మళ్లీ ఆ మూడూ వరసగా నొక్కాడు. హెడ్‌ఫోన్లు తీసి జాగ్రత్తగా కీబోర్డు మీద పెట్టాడు.

"మంచిగొచ్చినయ్" అన్నాడు. "పోదం పా."

అలా హైదరాబాదు దవాఖానకు బయల్దేరాం. మాట్లాడి గొంతును శ్రమ పెట్టవద్దని డాక్టరు ముందే చెప్పాడు, వదిన ఇన్నాళ్లూ ఆయన మాట్లాడినప్పుడల్లా కసిరేది. ఆరోజు కారులో ఆయన ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. వాళ్ల పెళ్లిలో పప్పు మాడిపోయిన సంగతి, టర్కీ పెద్దాయన పాలు లేని చాయి తాగుతూ మన చాయిని చూసి మొహం చిట్లించిన సంగతి, నేను చిన్నప్పుడు బర్రె మీద నుంచి పడి అది తోసిందని బర్రె మీద చాడీలు చెప్పిన సంగతి. మాట సగం గాలిగా వచ్చేది. వదిన ఒక్కసారి కూడా కసరలేదు. ఆయన ఆగితే చాలు, "ఇంకేమాయె?" అని అడిగేది. సంగారెడ్డి దాటాక ఇక అడగలేక, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆపరేషను రోజు పొద్దున నర్సు వచ్చి, మాట్లాడుకునేవి ఏవైనా ఉంటే ఇప్పుడే మాట్లాడుకోండి అని చెప్పి వెళ్లిపోయింది. అంత మాట అంత మామూలుగా ఎలా అనగలిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ముందు వదిన ఆయన పక్కన కూర్చుంది. నేను దూరంగా వెళ్లి వరండాలో నిలబడ్డాను. కాసేపటికి నన్ను పిలిచాడు. పక్క మీద పచ్చ గౌనులో మా అన్న నాకంటే చిన్నవాడిలా కనిపించాడు.

"చెల్లె, పైవి మూడు నావి గావు."

"నీవే అన్నా" అన్నాను.

"ఊకో. నా ఊపిరి నాకెర్క లేదా?"

"మరి మంచిగొచ్చినయంటివి?"

"మంచిగనే వచ్చినయ్. నాకన్న మంచిగొచ్చినయ్." ఆగి, గాలి పీల్చుకున్నాడు. "నాకవి ఎన్నడు రాలే చెల్లె. మంచిగున్నప్పుడు గూడ రాలే. అవి నేర్పకముందే ఆయన దేశం పాయె. నువ్వేమో ఫోన్ల మా అన్నకు రానివి లెవ్వంటివి. ఇగ ఎట్ల జెప్పుదు? ఒక్కసారన్న రావా అని జూసిన."

ఆయన ఊదే పాటలన్నీ కింద, మధ్యలోనే తిరిగేవి. అదే ఆయన పద్ధతి అనుకున్నాను, పైకి పోకపోవడం ఆయన ఇష్టమనుకున్నాను. దాటిపోయిన తారీఖులు, కందిపోయిన మొహం, తువ్వాలు మీది నెత్తురు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. చావుకు భయపడి దినాలు నెడుతున్నాడని నేను ఆయన్ని అన్ని మాటలన్నాను. ఆయన ఆ గదిలో కూర్చుని, గొంతులో గడ్డ పెట్టుకుని, చెల్లెలు ఎవరికో చెప్పిన గొప్పను నిజం చేయాలని చూశాడు.

"ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద అన్నా" అన్నాను ఏడుస్తూ. "రావని చెప్తే నేనేమన్న అంటుంటినా?"

"నువ్వు గంత మురిసిపోతివి" అని నవ్వాడు. గరగరమంటూ మొదలై దగ్గులోకి తిరిగి మళ్లీ నవ్వుగా మారిన ఆ చప్పుడుకు పక్క మంచాలవాళ్లు ఇటు తిరిగి చూశారు. బండి తోసుకుంటూ మనుషులు వచ్చారు. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. అట్లాగే తలుపుల లోపలికి తీసుకుపోయారు.

మా అన్న బతికాడు. మెడ దగ్గరి రంధ్రానికి వదిన పల్చటి గుడ్డ కట్టి పెడుతుంది. ఆ మధ్య పెళ్లిలో నన్ను పాడమని మైకు ఇచ్చినవాళ్ల గురించి నేను చెబుతుంటే, భుజాలు ఎగిరెగిరి పడేలా, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు. చప్పుడు రాలేదు.